నీకు చదువు రొట్టె ఇచ్చింది ఎవరు?

ప్రశ్న: కావలి ప్రాంతంలో ఒక అనుబంధ డిగ్రీ కళాశాలలో రెండేళ్ల క్రితం అధ్యాపకురాలిగా చేరాను. ఈ సంవత్సరం డిగ్రీ పూర్తి చేసినవారికి స్నాతకోత్సవం జరిపి, వాళ్ల విద్యార్థి జీవితపు అనుభవాలతో ఒక చిన్న సంచిక తెచ్చే పని ప్రిన్సిపల్ గారు నాకు అప్పగించారు. పోయిన ఏడాది వేదికెక్కిన పదకొండు మందీ "ఈ మూడేళ్లు మరువలేనివి, గురువులకు పాదాభివందనాలు" అని ఒకే మాట చెప్పి దిగిపోయారట. ఈసారి అలా కాకూడదంటే ఏం చేయాలి? జూలైలో పెడదామంటున్నారు. నల్ల గౌన్లు అద్దెకు తేవాలా?

సమాధానం:

అమ్మా, జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ ముప్పై ఒక్క ఏళ్లు గడిపి రిటైరయ్యాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఐదు కళాశాలల నీళ్లు తాగాను. అందులో ఒకటి ఫ్లోరైడు నీళ్ల ఊరు, ఆ కథ వేరే. ఇలాంటి సభలు పదహారో పదిహేడో నా నెత్తిన పడ్డాయి. వాటిలో నాకు తృప్తినిచ్చినవి నాలుగు. మిగిలినవాటిలో నేను చేసిన పొరపాట్లు చెబితేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఆ పదకొండు మంది సంగతి. వాళ్లను తప్పు పట్టకండి. ఇరవై ఏళ్ల పిల్లవాడి చేతికి మైకు ఇచ్చి, ఎదురుగా ప్రిన్సిపల్ గారిని, కరస్పాండెంటు గారిని, కన్నతల్లిని కూర్చోబెట్టి "నీ అనుభవాలు చెప్పు నాయనా" అంటే ఏం చెబుతాడు? కిందటేడు సీనియర్ చెప్పిందే చెప్పి గండం గట్టెక్కుతాడు. నేనైనా అదే చేస్తాను. "మరువలేని రోజులు" అన్నవాడిని "వాటిలో ఒక్క రోజు చెప్పు" అని అడిగి చూడండి, తల గోక్కుంటాడు. అనుభవాలు అడిగితే ఉపన్యాసం వస్తుంది. వాడు ఎక్కివచ్చిన బస్సు గురించి అడగండి, అనుభవాలు వాటంతట అవే వస్తాయి.

ఇది నాకు తెలివితేటలతో తట్టింది కాదు. కనిగిరి వైపు పనిచేస్తున్నప్పుడు మూడో సంవత్సరంలో ఒక కుర్రవాడు ఉండేవాడు. నోట్లో నాలుక లేనట్టుండేవాడు. వాడి ప్రాక్టికల్ రికార్డు దిద్దుతుంటే పేజీ పేజీకీ పొగాకు వాసన. నాకు చిరాకు వేసి, చుట్ట తాగుతావా అని కూడా అడిగాను. తల అడ్డంగా ఊపాడు, అంతే. సభ రోజున వేదిక మీద గుటకలు మింగుతూ నిలబడిపోతే, ఏదో ఒకటి అడగాలి కదా అని "నీ రికార్డుకు ఆ వాసన ఎక్కడిది?" అన్నాను. ఇక చూడండి. బ్యారన్ అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం. దాన్ని అంటించాక మంట తగ్గకూడదు, ఒక్కసారిగా పెరగకూడదు. వేడిని మెట్టు మెట్టుగా పెంచాలి. రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ సీజను వాళ్ల పరీక్షలకు ముందే వస్తుంది. నాన్న పొద్దు వాలేదాకా, తాను తెల్లవారేదాకా. పొయ్యి వెలుతురులో బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ వేసుకున్నాడట. "ఐదు రోజుల్లో ఆకు కాలిపోయేది సార్" అని వాడు చెబుతుండగా మూడో వరసలోంచి వాళ్ల నాన్న లేచి, "ఆ ఏడు ఆరు రోజులు పట్టింది, ఆకు పచ్చిగా ఉంది" అని సవరించాడు. హాలంతా నవ్వింది. తండ్రీ కొడుకులు ఆ మంటల లెక్క తేల్చుకుంటుంటే మేమంతా విన్నాం. ఆ రోజు ముఖ్య అతిథి ఎవరో, ఏం మాట్లాడారో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

అప్పటి నుంచి ప్రశ్నలు ముందే తయారు చేసుకునేవాణ్ని. మీ టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టేది ఎవరు? ఆఖరి బస్సు తప్పిపోయిన రోజున ఎక్కడ పడుకున్నారు? ఎవరి నోట్సు చూసి ఎక్కించుకున్నారు, తిరిగి ఇచ్చారా? చదువు మానేద్దామని ఏ రోజున అనుకున్నారు? ఆ చివరి ప్రశ్న గుంపులో అడగవద్దు, విడిగా అడగండి. ఆడపిల్లలను అడిగేటప్పుడు మరీ జాగ్రత్త. మానేద్దామనుకున్నది వాళ్లు కాకపోవచ్చు. ఇంట్లో సంబంధం చూసి ఉండవచ్చు.

అన్నిటికన్నా బాగా పనిచేసిన ప్రశ్న ఇంకొకటుంది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ మీకు తెలియనిది కాదు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె పట్టుకుని పిలుస్తారు. అదే కోరిక ఉన్నవారు అందుకుని తింటారు. తమ కోరిక తీరాక మరో ఏడు వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, వాటితోపాటు చదువు రొట్టె. మతం అడగకుండా చేతులు మారే రొట్టె అది. నెల్లూరు పిల్లలకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. "నీకు చదువు రొట్టె ఇచ్చింది ఎవరు?" అని నేను అడిగేవాణ్ని. చెరువులో అందుకున్నది కాదు, నిజంగా ఈ మూడేళ్లు నిన్ను దాటించింది ఎవరు అని. అర్థమైపోయేది. "అమ్మానాన్న" అన్నవారిని "వాళ్లు కాక?" అనేవాణ్ని. అప్పుడు కొంచెం ఆలోచించి చెప్పేవారు. పాసు ఇంట్లో మరిచిపోయి వచ్చినా ఎరిగిన మొహమని దించెయ్యకుండా తీసుకొచ్చిన కండక్టరు. పరీక్ష ఫీజు ఆఖరి తేదీన నూట యాభై తక్కువైతే తన జేబులోంచి వేసి, మళ్లీ అడగని గుమాస్తా. అక్క పెళ్లి కాకముందు కుట్టుమిషన్ మీద సంపాదించి కట్టిన హాస్టలు మెస్సు బిల్లు. ఒకమ్మాయి తన క్లాసులోనే వెనక బెంచీలో కూర్చునే ఇంకొక అమ్మాయి పేరు చెప్పింది. తనకు జ్వరం వచ్చి నెల రోజులు రాకపోతే ఆమె కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు రాసిందట. ఆ రాసినామెకు మార్కులు అంతంత మాత్రం. మూడేళ్లలో ఆమె పేరు మేం ఒక్కసారి కూడా మైకులో పలకలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కూడా కాదు. పక్క జిల్లాకు పేరిచ్చిన పెద్దమనిషినే చూడండి. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తండ్రి చిన్నతనంలోనే పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి వెళుతూ ఆ కుర్రవాణ్ని వెంట తీసుకెళ్లి చదివించారు. బారిస్టరు అయినా, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినా, ఆయన చదువు కథ మాత్రం ఎవరు అన్నం పెట్టారు, ఎవరు చెయ్యి పట్టుకున్నారు అన్న దగ్గరే మొదలవుతుంది. ఆ తరంలో వారాలు చేసుకుని చదివినవారు ఎందరో. సోమవారం ఒక ఇంట, మంగళవారం ఒక ఇంట భోజనం. ఇప్పుడు వారాలు లేవు కానీ, హాస్టలు గదిలో ఒక క్యారేజీ ముగ్గురు తినడం ఉంది. పిల్లలు దాన్ని గొప్ప సంగతి అనుకోరు కనుక చెప్పరు. మీరే తవ్వాలి.

ప్రకాశం పంతులు గారి మాట వచ్చింది కనుక అతిథుల గురించి కూడా చెప్పేస్తాను. ఒంగోలు వైపు సభకు వచ్చిన అతిథి తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరితో మొదలుపెడతారు. నెల్లూరు వైపు అయితే తిక్కన నడయాడిన నేల, పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్న జిల్లా, పెన్నమ్మ ఒడి. అన్నీ నిజమే, అన్నీ గౌరవనీయమే. కానీ ఆ నేల మీద నడిచి ఇరవై నిమిషాలు అయ్యేసరికి వెనక వరసలో పిల్లలు ఫోన్లలోకి వెళ్లిపోతారు. ఒక్కరినే పిలవండి. పిల్లలు మాట్లాడాక మాట్లాడించండి, ముందు కాదు. ఏడు నిమిషాలని ఆహ్వానపత్రంలోనే అచ్చు వేయించండి. అచ్చులో ఉన్నదాన్ని పెద్దలు మన్నిస్తారు.

ఇప్పుడు నా పెద్ద పొరపాటు. ఊరూ కళాశాలా చెప్పను. ఒక ఏడాది "ఉత్తీర్ణులైనవారికే ఆహ్వానం" అని నోటీసు పెట్టాను. తప్పేముంది, పట్టభద్రుల సభకు పట్టభద్రులేగా రావాలి అనుకున్నాను. ఆ రోజు సైకిల్ స్టాండు దగ్గర ఒక కుర్రవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్క పేపరు మిగిలింది, సప్లిమెంటరీ రాయాలి. ఇంట్లో చెప్పలేదు. వాళ్ల అమ్మ లోపల కుర్చీలో కూర్చుని కొడుకు పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది. సభ అయిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చి, "మా వాడి పేరు మరిచిపోయినట్టున్నారు అయ్యా" అంది. ఏం చెప్పానో ఇక్కడ రాయను, చెప్పుకోదగ్గది కాదు. ఆ కుర్రవాడు అక్టోబరులో ఆ పేపరు గట్టెక్కాడు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో ఉన్నాడు, పండుగలకు ఫోను చేస్తాడు. కానీ ఆ రోజు పోయింది పోయినట్టే. అందుకే చెబుతున్నాను: మూడేళ్లు తరగతిలో కూర్చున్న ప్రతివారినీ పిలవండి. వేదిక మీద మార్కులు చదవకండి. బంగారు పతకాలు, మొదటి ర్యాంకులు విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. అక్కడ వాటికి తగిన మర్యాద ఎలాగూ జరుగుతుంది.

ఆ మాట మీదే ఇంకొక సంగతి. మీరు జరిపేదాన్ని స్నాతకోత్సవం అని పిలవకండి. అనుబంధ కళాశాల పట్టా ఇవ్వదు, విశ్వవిద్యాలయమే ఇస్తుంది. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల అయినా పట్టా మీద సంతకం విశ్వవిద్యాలయానిదే. మీది పట్టభద్రుల దినం, లేదా పట్టభద్రుల అభినందన సభ. ఇప్పుడంటే విశ్వవిద్యాలయం పక్కనే కాకుటూరులో ఉంది కానీ, 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా కళాశాలలు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. మా పిల్లలు పట్టా కోసం తిరుపతి వెళ్లి, పనిలో పనిగా కొండెక్కి, ఒక చేతిలో పట్టా, ఇంకొక చేతిలో లడ్డూ, నున్నటి గుండుతో తిరిగివచ్చేవారు. అసలైన స్నాతకోత్సవం అదే అని నవ్వుకునేవాళ్లం.

నవ్వుకు అన్నా, మాటలో నిజం ఉంది. గురుకులంలో చదువు ముగించి, స్నానం చేసి, ఇంటికి మళ్లేవాడు స్నాతకుడు. మన పెళ్లిళ్లలో కాశీయాత్రకు ముందు పెళ్లికొడుకుకు చేసే స్నాతకం కూడా ఆ పాత తంతు తాలూకు మిగులే. ఆ సందర్భంలో గురువు శిష్యుడికి చెప్పే మాటలు తైత్తిరీయ ఉపనిషత్తు శీక్షావల్లిలో ఉన్నాయి. "సత్యం వద, ధర్మం చర" ఆహ్వానపత్రాల మీద అందరూ అచ్చు వేస్తారు. అక్కడే కొంచెం కిందికి దిగితే ఇంకొక వాక్యం ఉంది, అది మాత్రం ఎవరూ వేయరు: "యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి." మాలో ఉన్న మంచి నడతలనే నువ్వు అనుసరించు, మిగిలినవి వద్దు అని. మిగిలినవి ఉన్నాయని గురువే ఒప్పుకుంటున్నాడు, చూశారా.

అది చదివాక ఒక సభలో నేనే లేచి మాట్లాడాను. తీరప్రాంతం కళాశాల అది. మొదటి పీరియడులో రోజూ నిద్రపోయే ఒక విద్యార్థిని రెండేళ్లు తరగతి ముందు నిలబెట్టి ఎగతాళి చేశాను. తర్వాత తెలిసింది, వాడు రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలా. కరెంటు పోయిందంటే వెంటనే జనరేటరు వేసి ఏరియేటర్లు తిప్పాలి, లేకపోతే ఆక్సిజన్ అందక తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ గురించి నేను నల్లబల్ల మీద రాస్తుంటే, దాని కోసం రాత్రంతా మేలుకున్నవాడు కింద నిద్రపోతున్నాడు. ఈ సంగతి వేదిక మీద చెప్పి, ఆ విద్యార్థిని క్షమించమని అడిగాను. వాడు సిగ్గుపడి తల వంచుకున్నాడు. నా తర్వాత మాట్లాడిన పిల్లల్లో ఒక్కరూ పాదాభివందనం ఊసెత్తలేదు. లెక్కల మాస్టారు అర్థం కాలేదని ఒకమ్మాయి ఆయన ఎదుటే చెప్పింది, ఆయన చప్పట్లు కొట్టారు. మీ సహోద్యోగుల్లో ఒకరినైనా ఇలా మాట్లాడేందుకు ఒప్పించండి. పిల్లలకన్నా ముందు వాళ్లు మాట్లాడితే తలుపు తెరుచుకుంటుంది.

గౌన్ల సంగతి. నా ఓటు లేదు. జూలైలో మన వైపు ఎండ ఇంకా చల్లారదు, నల్ల గౌనులో పిల్లలు ఉడికిపోతారు, అద్దె డబ్బు ఫొటో వాళ్లతో సమానంగా లాగుతుంది. ఆచార వస్త్రాలకు చేనేత వాడమని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) కూడా 2019లో విశ్వవిద్యాలయాలకు సూచించింది. కోవూరు పక్కన పాటూరులో మగ్గాలు ఉన్నాయి. అంచు ఉన్న నూలు ఉత్తరీయాలు ఒకేసారి ఎక్కువగా చెప్పి నేయించుకుంటే గౌను అద్దెకన్నా పెద్దగా తేడా ఉండదు, పైగా ఇంటికి పట్టుకెళ్లవచ్చు. అయితే పిల్లలను ఒకమాట అడగండి. టోపీ గాలిలోకి ఎగరేసి ఫొటో దిగాలని వాళ్లకు ఉంటే, నా వంటి ముసలివాడి సిద్ధాంతాల కోసం ఆ సరదా చెడగొట్టకండి.

తేదీ మాత్రం మార్చమని గట్టిగా చెబుతాను. జూలైకి ఫలితాలు వచ్చీ రాక ముందే సగం మంది హైదరాబాదు, బెంగళూరు, చెన్నై చేరిపోతారు. కొత్తగా చేరిన ఉద్యోగంలో సెలవు అడగలేరు. ఉన్న ఊళ్లో ఉండిపోయినవారు, ఇంకా ఏమీ దొరకలేదన్న మొహమాటంతో రారు. మన జిల్లాల వాళ్లు ఎక్కడున్నా ఊరికి వచ్చేది సంక్రాంతికి. భోగి నాడు వద్దు, కనుమ నాడు అసలే వద్దు. ముక్కనుమ మర్నాడు పెట్టండి. కళాశాలకు సెలవులు కనుక హాలు ఖాళీ. డిసెంబరు దాటితే వాయుగుండాల భయం కూడా తగ్గుతుంది. ఇంకొక లాభం ఉంది: ఉత్తీర్ణులు కావలసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా పట్టా ప్రదానం చేయాలని యూజీసీ నిబంధన. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు, మార్కుల మెమో అప్పటికి అందరి చేతుల్లోనూ ఉంటాయి. అసలు పట్టాకు దరఖాస్తు చేయనివారికి ఆ రోజే ఒక బల్ల వేసి గుమాస్తా గారిచేత దరఖాస్తులు పూర్తి చేయించవచ్చు. డిజిలాకరులో ఖాతా తెరిపించే పని కూడా అక్కడే. ఇది సభకు సంబంధం లేని పనిలా కనిపిస్తుంది కానీ, మా చివరి సభలో తల్లిదండ్రులు ఎక్కువసేపు నిలబడింది ఆ బల్ల దగ్గరే. ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపి, సభకు వస్తే ఇస్తామనే పద్ధతి కొన్నిచోట్ల చూశాను. మీ దగ్గర అలాంటి ఆలోచన ఉంటే మొదట్లోనే తుంచేయండి.

తల్లిదండ్రులను ముందు వరసల్లో కూర్చోబెట్టండి, అధికారులను పక్కకు. వాళ్లను వేదిక మీదికి రమ్మంటే బిగుసుకుపోతారు. మైకునే వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాలి. పట్టా అనే మాటకు మన పల్లెల్లో ఒకటే అర్థం. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, కూతురి చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద బ్యాంకులో ఎంత అప్పు ఇస్తారు?" అని మైకులోనే అడిగాడు. కూతురు తల పట్టుకుంది. బ్యాంకు మేనేజరు గారు ఆ రోజు అతిథి, ఆయన నిజంగానే లేచి చదువు అప్పుల గురించి చక్కగా నాలుగు ముక్కలు చెప్పారు. ఆ సభలో అందరికీ పనికొచ్చిన ప్రసంగం అదొక్కటే.

పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురిని తప్పకుండా పిలవండి. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవారినే పిలవాలని లేదు, బయటికి వెళ్లి ఐదారేళ్లు అయినవారు చాలు. చేపల పులుసు వండిన పూట కన్నా మర్నాడు బాగుంటుందని మన నెల్లూరులో ఎవరికి చెప్పాలి? జ్ఞాపకాలూ అంతే, కొంత ఊరాలి. నిన్న పరీక్ష రాసినవాడికి క్యాంటీను సమోసా బాగాలేదన్నది గుర్తుంటుంది. ఐదేళ్ల తర్వాత, ఆ సమోసా అప్పు పెట్టిన మనిషి గుర్తుంటాడు. 2021లో డిగ్రీ ముగించినవారు దొరికితే మరీ మంచిది. సగం చదువు ఫోనులో విన్నారు. సిగ్నలు కోసం మేడ ఎక్కినవారు, వేప చెట్టెక్కినవారు ఉన్నారు. వాళ్లలో చాలామందికి వీడ్కోలు సభే జరగలేదు. వాళ్ల వెనక వచ్చిన తరగతికి ఆ ఏడాది నవంబరులో పెన్నా వరద. కోవూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని, నెల్లూరు పిల్లలు కావలిలో, కావలి పిల్లలు నెల్లూరులో చిక్కుబడ్డారు. ఎవరి ఇంట్లో ఉన్నారో అడగండి. మళ్లీ అదే ప్రశ్న, రొట్టె ప్రశ్న.

ఇక సంచిక. సభ సంక్రాంతికైనా, రాతలు మాత్రం, వచ్చే ఏడాది నుంచి, ఆఖరి ప్రాక్టికల్సు అయిపోయిన రోజునే తీసుకోండి. ఈ ఏడాది వాళ్లు ఇప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటే, ఫోనులో మాట్లాడించి మీరే రాసుకోండి. తరగతి గదిలో కూర్చోబెట్టి, ఒక తెల్లకాగితం ఇచ్చి, ఒక వైపు మాత్రమే, చేత్తో రాయించాలి. ఇంటికి పంపితే ఈ రోజుల్లో ఫోనునే రాసిపెట్టమని అడుగుతున్నారు; అది రాసిచ్చిన దానిలోనూ మూడేళ్లు మరువలేనివే. రాసినదాన్ని దిద్దేటప్పుడు మీ ఎర్ర కలం కాస్త దాచుకోండి. అక్షరదోషాలు సవరించండి, మాటలు మార్చకండి. "మా అవ్వ సద్దికూడు కట్టి పంపేది" అని రాస్తే దాన్ని అల్పాహారం చేయకండి.

చదువుతుంటే మీకే తెలుస్తుంది, తరాలు ఎలా మారాయో. నా తొలి విద్యార్థులందరి జ్ఞాపకాల్లోనూ కప్ప ఉండేది. మైనపు ట్రేలో కప్పను కోసిన రోజు, కళ్లు తిరిగి పడిపోయినవాడు, వాడి మొహాన నీళ్లు కొట్టిన అమ్మాయి. 2014లో యూజీసీ ఆ కోతలు ఆపేయమన్నాక కప్ప జ్ఞాపకాల్లోంచి వెళ్లిపోయింది. దాని స్థానంలో నేలపట్టు విహారయాత్ర వచ్చింది: చెట్ల నిండా గూడబాతులు, బస్సులో పాటలు, దారిలో బస్సు చెడిపోయి రోడ్డు పక్క దోసకాయలు కొనుక్కుని తినడం. గూడబాతు శాస్త్రీయ నామం ఒక్కరికీ గుర్తులేదు. దోసకాయల మీద చల్లిన కారం అందరికీ గుర్తుంది. మొదట నాకు ఒళ్లు మండింది. తర్వాత అన్నిటినీ అచ్చుకు పంపాను.

మొదటి ఎనిమిది పేజీలు కమిటీ సభ్యుల ఫొటోలతో నింపుతామని ఎవరైనా అంటే, వెనక అట్ట చూపించండి. మామూలు కాగితం, నలుపు తెలుపు అచ్చు చాలు. ప్రతి విద్యార్థికీ రెండు ప్రతులు వచ్చేలా చూడండి. ఒకటి వాళ్లకు, ఒకటి వాళ్లు ఎవరి గురించి రాశారో ఆ మనిషికి. ఆ కార్బన్ కాగితం అమ్మాయికి మేం ప్రతి పోస్టులో పంపాం. ఆ గుమాస్తా గారికి చేతికే ఇచ్చాం. కండక్టరును వెతకడానికి మా పిల్లలు బస్టాండులో రెండు రోజులు కాపు కాశారు. మూడో రోజు ఆయన డ్యూటీకి వచ్చాడు.

చివరిగా పేర్లు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరుతో సహా రాసుకుని, సభకు ముందు రోజు మైకులో పిలవబోయేవారిచేత మొత్తం జాబితా ఒకసారి గట్టిగా చదివించండి. పలకడం రాని పేరు ఉంటే ఆ విద్యార్థికే ఫోను చేసి అడగండి. సప్లిమెంటరీ ఉన్నవారి పేర్లు కూడా అదే జాబితాలో, అక్షర క్రమంలో, గుర్తులేవీ పెట్టకుండా ఉండాలి.